కోతుల దగ్గర ఉద్యోగం, దోమల భయం

ప్రశ్న: మా చిన్నమ్మాయి జంతుశాస్త్రంలో పీజీ చేసింది. జూలో కోతులు, చింపాంజీలు ఉండే విభాగంలో కీపర్‌గా ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల చేరాలి. అందరం సంతోషించాం కానీ, మా మరిది ఫోనులో ఒక సందేశం పంపినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. కోతులను కుట్టిన దోమలు మనుషులను కుడితే మలేరియా, ఎల్లో ఫీవర్, జికా వస్తాయనీ, బోనుల్లోని కోతులు జబ్బుల పుట్టలనీ అందులో ఉంది. అమ్మాయిని అడిగితే నవ్వి ఊరుకుంటోంది. చేరవద్దని చెప్పమంటారా? పెద్దమ్మాయి కొడుకు నాలుగేళ్లవాడు, పిన్ని దగ్గరికి వెళ్లి కోతులను చూస్తానని ఇప్పటి నుంచే గొడవ చేస్తున్నాడు. వాడిని పంపవచ్చా? – ఒక తల్లి

సమాధానం:

అమ్మా, చేరవద్దని చెప్పకండి. మనవడిని కూడా పంపండి. ఈ రెండు మాటలతో మీకు నిద్ర పడుతుందని నేననుకోను కాబట్టి, ఎందుకు ఇలా అంటున్నానో వివరంగా రాస్తాను.

మీ మరిదిగారు పంపిన సందేశంలో పచ్చి అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. అందులోని జబ్బులన్నీ నిజమైనవే. వాటికీ కోతులకూ సంబంధం ఉన్న మాటా నిజమే. అయితే ఎక్కడి అడవుల్లోనో జరిగేదాన్ని ఎత్తుకొచ్చి జూలోని బోను ముందు నిలబెట్టారు. మధ్యలో ఉండవలసిన మెట్లన్నీ ఎగిరిపోయాయి. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయ్యేది ఇలాగే.

ఆ మెట్లేమిటో చూడండి. కోతి రక్తంలో ఆ రోజున ఆ క్రిమి ఉండాలి. కుట్టిన దోమ ఆ క్రిమిని మోయగల జాతిదై ఉండాలి. దోమ తాగిన రక్తంలోని క్రిమి దాని పొట్ట గోడ దాటి, పెరిగి, లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. జబ్బును బట్టి, వాతావరణంలోని వేడిని బట్టి దీనికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. డెంగీ వైరస్‌కైతే మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు రోజులు. అన్నాళ్లూ ఆ దోమ బల్లికీ తూనీగకూ చిక్కకుండా బతకాలి. బతికి, ఈసారి కోతిని కాకుండా మనిషిని కుట్టాలి. కాబట్టి ఇప్పుడే కోతి మీద నుంచి లేచి వచ్చి మీ అమ్మాయి చేతి మీద వాలిన దోమ వల్ల ఈ జబ్బులు రావు. వస్తే పది రోజుల కిందట రక్తం తాగిన దోమ వల్ల రావాలి. అది ఎవరి రక్తం తాగిందన్నది వేరే సంగతి. జూలో కోతుల కంటే మనుషులే ఎక్కువ. డెంగీ మోసుకొచ్చే దోమకు పక్కనున్న సందర్శకుడి నుంచే ఆ వైరస్ అంటుకునే అవకాశం చాలా ఎక్కువ.

రెండో విషయం మీ మరిదిగారి సందేశంలో అసలే ఉండదు: అన్ని క్రిములూ కోతి ఒంట్లో ఒకేలా కాపురం చేయవు. ఎల్లో ఫీవర్ వైరస్ కోతి రక్తంలో కొన్ని రోజులే ఉంటుంది. ఆలోగా కోతి చనిపోనైనా చనిపోతుంది, లేదా కోలుకుని జీవితాంతం రోగనిరోధక శక్తితో ఉంటుంది. అంటే అయిదేళ్లుగా ఒకే బోనులో ఉన్న కోతిలో ఎల్లో ఫీవర్ దాక్కుని ఉండదు. మలేరియా అలా కాదు. కోతి మలేరియా పరాన్నజీవి నెలలూ సంవత్సరాలూ రక్తంలో ఉండిపోగలదు, కోతి మాత్రం హాయిగా అరటిపండు తింటూ కనిపిస్తుంది. అందుకే బయటి నుంచి తెచ్చిన కోతులను కొన్నాళ్లు విడిగా ఉంచడం వైరస్‌ల విషయంలో బాగా పనిచేస్తుంది. అమెరికాలో దిగుమతి అయిన కోతులకు కనీసం 31 రోజుల క్వారంటైన్ నియమం ఉంది. మలేరియాకు మాత్రం రోజులు లెక్కపెడితే చాలదు, రక్తపరీక్ష చేయాల్సిందే. మీ అమ్మాయి జూ వాళ్లను అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: కొత్తగా వచ్చిన కోతులకు మలేరియా పరాన్నజీవుల కోసం రక్తం పరీక్షిస్తారా?

కోతి మలేరియా అనగానే మీకు గుండె ఝల్లుమని ఉంటుంది. దాని కథ క్లుప్తంగా చెబుతాను. ప్లాస్మోడియం నోలెసి అనే ఆ పరాన్నజీవి ఆగ్నేయాసియాలోని పొడవు తోక కోతుల్లో, పంది తోక కోతుల్లో ఉంటుంది. మనిషికి సహజంగా సోకినట్టు మొదటిసారి 1965లో గుర్తించారు. మలేషియా అడవిలో పనిచేసి వెళ్లిన ఒక అమెరికన్‌కు వచ్చింది. ఆ తర్వాత దాదాపు నాలుగు దశాబ్దాలు దాన్ని ఒక వింతగానే చూశారు. 2004లో మలేషియా రాష్ట్రమైన సారవాక్‌లోని కపిట్ ప్రాంతంలో బల్బీర్ సింగ్ అనే పరిశోధకుడి బృందం 208 మంది మలేరియా రోగుల రక్తాన్ని జన్యు పద్ధతిలో పరీక్షిస్తే 120 మందిలో ఇదే బయటపడింది. అంతకుముందు మైక్రోస్కోపులో చూసి దాన్ని వేరే రకం మలేరియాగా రాసుకుంటూ వచ్చారు. రెండూ చూపుకు అంత దగ్గరగా ఉంటాయి.

సందేశం ఇక్కడితో ఆగిపోతుంది. అసలు సంగతి దీని తర్వాత ఉంది. ఈ పరాన్నజీవిని మోసేవి ల్యూకోస్ఫైరస్ వర్గానికి చెందిన అనాఫిలిస్ దోమలు. అవి అడవి దోమలు. చెట్ల నీడన, అడవి అంచున, కొత్తగా నరికిన తోటల దగ్గర పెరుగుతాయి. ఊరి మురుగు కాలువలో పెరిగే దోమ ఈ పని చేయదు. ఆగ్నేయాసియాలో అడవిని ఆనుకుని ఉన్న జూలో, అక్కడి అడవి నుంచి తెచ్చిన కోతులుంటే ఈ భయానికి ఆధారం ఉంటుంది. నగరం మధ్యలో ఉన్న జూలో, జూలోనే పుట్టి పెరిగిన కోతులుంటే అది దాదాపు లేనట్టే. దాదాపు అని ఎందుకన్నానంటే, దోమలూ కోతులూ మనుషులూ ఒకే గదిలో చేరితే జరగరానివి జరిగిన దాఖలాలున్నాయి. 1960లో అమెరికాలో కోతి మలేరియా మీద పనిచేస్తున్న ప్రయోగశాల సిబ్బందికే ప్లాస్మోడియం సైనోమోల్గి అనే మరో రకం దోమకాటు ద్వారా సోకింది. అయితే అక్కడ రోగమున్న కోతుల రక్తం తాగించి దోమలను కావాలని పెంచుతున్నారు. జూలో ఎవరూ అలా పెంచరు. తెలియక పెంచితే తప్ప. ఆ తెలియక పెంచడం గురించి తర్వాత రాస్తాను, ఈ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

ఎల్లో ఫీవర్ సంగతి. దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల్లో తిరిగే హేమగోగస్, సబెథీస్ దోమలు దీన్ని కోతుల మధ్య తిప్పుతుంటాయి. అక్కడి హౌలర్ కోతులకు ఈ జబ్బు వస్తే గుంపులు గుంపులుగా రాలిపోతాయి. 2016 నుంచి 2018 వరకు బ్రెజిల్‌లో 2,000కు పైగా మనుషులకు సోకింది, 700 మందికి పైగా చనిపోయారు. 2018 జనవరిలో చనిపోయిన ఒక హౌలర్ కోతిలో వైరస్ బయటపడటంతో సావో పాలో జూను కొన్నాళ్లు మూసేశారు. ఆ భయంలో జనం కొన్నిచోట్ల కోతులను కొట్టి చంపారు, విషం పెట్టారు. కోతి నుంచి మనిషికి ఈ వైరస్ నేరుగా రాదని ఆరోగ్య శాఖ ఎంత మొత్తుకున్నా వినలేదు. పైగా అడవిలో కోతి చనిపోయిందంటే, వైరస్ వచ్చింది, టీకాలు వేయండి అని ముందుగా తెలిసేది. కోతిని చంపినవాళ్లు ఆ కబురునే చంపుకున్నారు. బంగారు రంగు సింహపు టామరిన్ అనే చిన్న కోతుల సంఖ్య ఆ జబ్బుతో సుమారు 3,700 నుంచి 2,500కు పడిపోయింది. చివరికి వాటికీ టీకాలు వేయడం మొదలుపెట్టారు. ఆసియాలో ఎల్లో ఫీవర్ ఇప్పటివరకు స్థానికంగా వ్యాపించలేదు. ఆసియా కోతులకు దాంతో పరిచయమే లేదు. 1927లో పశ్చిమ ఆఫ్రికాలో ఈ వైరస్‌ను మొదటిసారి వేరు చేసింది ఆసియా నుంచి తెప్పించిన రీసస్ కోతిలోనే. ఆఫ్రికా కోతులు చాలావరకు తట్టుకునే ఆ వైరస్ రీసస్‌ను చంపేస్తుంది. కాబట్టి ఏ జబ్బు గురించైనా భయపడే ముందు ఏ దేశంలో, ఏ జాతి కోతి, ఏ దోమ అన్న మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సందేశం పంపేవాళ్లు ఈ మూడింటిలో ఒక్కటి కూడా అడగరు.

జికా పేరు ఎలా వచ్చిందో తెలిస్తే మీకు కోతుల మీద జాలి కలుగుతుంది. 1947లో ఉగాండాలోని జికా అడవిలో ఎల్లో ఫీవర్ కోసం గాలిస్తున్న పరిశోధకులు చెట్ల మీద వేదికలు కట్టి, బోనుల్లో రీసస్ కోతులను కాపలా పెట్టారు. దోమలు కుట్టనిచ్చి, జ్వరం వస్తుందేమో చూడటం వాటి ఉద్యోగం. 766 అంకె వేసిన కోతికి ఏప్రిల్‌లో జ్వరం వచ్చింది. దాని రక్తంలో దొరికినదే జికా వైరస్. ఆ కథలో బోనులోని కోతికి అడవి దోమే జబ్బు తెచ్చింది, కోతి ఎవరికీ తేలేదు.

జూలోనూ ఎక్కువగా జరిగేది అదే. 1999లో న్యూయార్క్‌లో మనుషులకు మెదడువాపు వస్తుంటే అధికారులు అది సెయింట్ లూయిస్ మెదడువాపు అనుకున్నారు. అదే సమయంలో బ్రాంక్స్ జూలో ఫ్లెమింగోలు, నీటికాకులు, చుట్టుపక్కల మామూలు కాకులు చనిపోతున్నాయి. ఆ జూ పశువైద్య నిపుణురాలు ట్రేసీ మెక్‌నమారా, సెయింట్ లూయిస్ రకం పక్షులను ఇలా చంపదు, ఇది వేరేదేదో అని పట్టుబట్టింది. ఆ వేరేది అమెరికా ఖండంలో అంతకుముందు కనబడని వెస్ట్ నైల్ వైరస్. తర్వాత టొరంటో జూలో ఒక బార్బరీ కోతి కూడా ఆ వైరస్‌తో మెదడువాపు వచ్చి చనిపోయింది. కానీ వెస్ట్ నైల్ విషయంలో కోతి అయినా మనిషి అయినా దారి ముగిసే చోటు. దోమకు తిరిగి అంటించేంత వైరస్ మన రక్తంలో చేరదు. ఆ కోతి వల్ల దాని కీపర్‌కు దోమ ద్వారా ఆ జబ్బు వచ్చే అవకాశం లేదు. అదే జూలో పెరిగిన దోమల వల్ల ఇద్దరికీ రావచ్చు.

ఇక తెలియక దోమలను పెంచడం. నన్నడిగితే జూలలో దోమల సమస్య మొదలయ్యేది కోతి దగ్గర కాదు, టైరు దగ్గర. కోతులు ఊగడానికి గొలుసుతో వేలాడదీసిన పాత టైరును మీ అమ్మాయిని ఒకసారి దగ్గరగా చూడమనండి. వాన పడిన మూడు రోజులకు టైరు లోపలి అంచులో రెండు గ్లాసుల నీళ్లు నిలుస్తాయి. నల్లటి రబ్బరు నేపథ్యంలో కంటికి ఆనవు కానీ, ఆ నీళ్లను తెల్లటి గిన్నెలోకి వంచితే కామాల్లా మెలికలు తిరిగే పురుగులు కనిపిస్తాయి. అవే దోమ పిల్లలు. వారం, పది రోజుల్లో రెక్కలొస్తాయి. ఎక్కడానికి పాతిన వెదురు గడలున్నాయి చూశారూ, పైన కణుపు మీదుగా కాకుండా కణుపుకు ఎగువన కోసినవి, వాటి ప్రతి గొట్టంలోనూ ఒక చిన్న చెరువు ఉంటుంది. పైగా డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు నీళ్లలో కాకుండా నీటి అంచున, తడి గోడకు అంటించి పెడుతుంది. అవి ఎండినా నెలల తరబడి చావవు. నీళ్లు వంపి మళ్లీ నింపితే చాలదని, తొట్టి గోడలను బ్రష్షుతో రుద్ది కడగాలని చెప్పేది ఇందుకే.

దీనికి వైద్యం ఖరీదైనదేమీ కాదు. టైరు అడుగున రంధ్రాలు చేయాలి. వెదురు గొట్టాలను కణుపు దగ్గర కోయాలి, లేదా ఇసుకతో నింపాలి. తాగునీటి తొట్లను వారానికి రెండుసార్లు రుద్ది కడగాలి. చుట్టూ ఉన్న కందకంలో దోమ పిల్లలను తినే చేపలను వదలాలి, లేదా బీటీఐ అనే బ్యాక్టీరియా మందు చల్లాలి. అది దోమ పిల్లలను చంపుతుంది, ఆ నీళ్లు తాగిన కోతికి హాని చేయదు. పొగ మందు కొట్టడం చూడటానికి ఘనంగా ఉంటుంది, ఫొటోలూ బాగా వస్తాయి. కానీ కోతుల ఆవరణల్లో అది చివరి మార్గంగానే ఉండాలి. ఎగిరే దోమలు కొన్ని చస్తాయి, టైరులోనివి మాత్రం తమ పని తాము చేసుకుపోతుంటాయి. ఏడిస్ దోమ సాధారణంగా పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లు దాటి పోదు. జూలో కుట్టే దోమ చాలావరకు జూలోనే పుట్టిందన్నమాట. వేళ కూడా చూడాలి. ఏడిస్ పగలు కుడుతుంది, అనాఫిలిస్ చీకటి పడ్డాక. సందర్శకులు సాయంత్రానికి వెళ్లిపోతారు. రాత్రి డ్యూటీలో ఉన్న సిబ్బందికీ, బయట పడుకునే కోతులకూ రాత్రి దోమలు మిగులుతాయి. కోతులు రాత్రి పడుకునే గదులకు దోమతెర జాలీ ఉందా అన్నది మీ అమ్మాయి అడగవలసిన రెండో ప్రశ్న.

పిడుదుల సంగతి కూడా ఒక మాట. వాటిని గోమార్లు అని కూడా అంటారు. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడిన జ్వరాన్ని జనం కోతి జ్వరం అనే పిలుస్తారు. అక్కడ కొండముచ్చులు, కోతులు చనిపోతే, వాటి ఒంటి మీది పిడుదులు కొత్త రక్తం కోసం కిందికి దిగి ఆ చుట్టుపక్కల కాచుకుని ఉంటాయి. అడవికి వెళ్లినవారిని పట్టుకుంటాయి. జూ కోతికి ఇది సులభంగా రాదు కానీ, అడవిని ఆనుకున్న జూలలో బయటి కోతులు గోడ దూకి లోపలికి వచ్చి తిరుగుతుంటాయి. అలాంటి కోతి ఆవరణలో చచ్చి పడి ఉంటే చేతులతో ఎత్తి పారేయకూడదు. దగ్గరికి పోకుండా పశువైద్యుడికి చెప్పాలి. ఈ ఒక్క నియమం మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. అమెరికా దక్షిణ ప్రాంతాల్లో రక్తం పీల్చే ఒక రకం నల్లి చాగాస్ జబ్బును బోనుల్లోని కోతులకు తెస్తుంది. కోతి ఆ నల్లిని పట్టుకుని నమిలినా సోకుతుంది. ఆ నల్లి లేని చోట దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

మీరు అడగని దాని గురించి కూడా రాయాలి, ఎందుకంటే నాకు మీ అమ్మాయి గురించి దోమల కంటే అదే ఎక్కువ దిగులు. అది కోతి పన్ను. రీసస్ లాంటి ఆసియా మకాక్ కోతుల్లో హెర్పిస్ బి అనే వైరస్ జీవితాంతం ఉంటుంది, వాటికి పెద్దగా ఇబ్బంది కలిగించదు. మనిషికి సోకడం చాలా అరుదు. 1932లో మొదట గుర్తించినప్పటి నుంచి ప్రపంచం మొత్తంలో నమోదైనవి కొన్ని పదులే. కానీ సోకితే, సకాలంలో మందు పడకపోతే, మెదడుకు ఎక్కి ప్రాణం తీస్తుంది. కరిచినా, గీరినా, కంట్లో ఉమ్మి పడినా వెంటనే పదిహేను నిమిషాలు ఆగకుండా కడగాలి. గాయమైతే సబ్బుతో, కన్నైతే ఉత్త నీళ్లతో. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి. చిన్న గీతే కదా అని దాచకూడదు, పై అధికారి ఏమంటాడోనని అసలు దాచకూడదు. రేబిస్ టీకా, ధనుర్వాతం టీకా, క్షయ పరీక్ష ఉద్యోగంలో చేరకముందే చేయించుకోవాలి. క్షయ కోతి నుంచి మనిషికే కాదు, మనిషి నుంచి కోతికీ వస్తుంది.

దోమల విషయంలో ఆమె సొంతంగా చేయగలిగింది పొడవు చేతుల చొక్కా, లేత రంగు బట్టలు, డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న, దోమలను దూరం చేసే పూత. ఆ పూత రాసుకున్న చేతులతో కోతికి తిండి పెట్టకూడదు, చేతి తొడుగులు వేసుకోవాలి. కోతులు చేతులు నాకుతాయి.

జ్వరం వస్తే డాక్టరుతో చెప్పవలసిన మాట ఒకటుంది: నేను కోతుల దగ్గర పనిచేస్తాను. ఈ మధ్య ఏ అడవికి, ఏ దేశానికి వెళ్లిందో కూడా చెప్పాలి. సారవాక్‌లో అంతమందిలో ఉన్న జబ్బును ఏళ్ల తరబడి వేరే పేరుతో రాసుకున్నారంటే, ఆ అనుమానమే ఎవరికీ రాలేదు కాబట్టి. మామూలు మలేరియా కిట్టు కోతి రకాన్ని అన్నిసార్లూ పట్టదు. అనుమానం వస్తే జన్యు పరీక్ష చేయించవచ్చు. పట్టుకున్నాక వైద్యం కష్టం కాదు, ఇప్పుడున్న మలేరియా మందులకే లొంగుతుంది. ఆలస్యం చేయకూడదు, అంతే. మిగతా రకాలు రెండు మూడు రోజులకోసారి పెరిగితే ఇది 24 గంటలకోసారి పెరుగుతుంది.

మీ మనవడి సంగతి. పగటిపూట పంపండి, నిండు చేతుల చొక్కా వేసి, కాళ్లకు మేజోళ్లు తొడిగి. బోనుకు చేతులు తగిలించనివ్వకండి. తన చేతిలోది కోతికి ఇవ్వకూడదు, కోతి విసిరింది తీసుకోకూడదు. రెండో దానికి వాడు తప్పకుండా ఏడుస్తాడు, పిన్నిని సిద్ధంగా ఉండమనండి. మీ మరిదిగారినీ వెంట తీసుకెళ్లండి. ఆ టైరులోని నీళ్లు వంచి చూపించే పని ఆయనకు అప్పగించవచ్చు.